తిరుగు టపా కథలు

పెళ్లైన రెండేళ్లకే భర్త పోయాడు. టెక్కలిలో అర్చకత్వం చేసుకునే మా నాన్న చుట్టాలెవరి మాటా వినకుండా నన్ను టీచరు ట్రైనింగుకి పంపించాడు. అది పూర్తయ్యాక ఉద్దానంలో ఒక ఊరికి వేశారు. పలాసకి పది మైళ్లు, సముద్రానికి ఒక మైలు. దారంతా ఇసక, అటూ ఇటూ జీడితోటలు, కొబ్బరితోటలు. వంట తానే చేసుకుంటానని చెప్పి నాన్న అమ్మని నాకు తోడు పంపాడు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మొగుడు పోయిన పిల్ల బడి వదిలాక తలుపు దగ్గరికేసుకుని కూర్చుంటే ఏడుస్తోందనుకుంటారు. ఊళ్లోవాళ్లు అలాగే అనుకుని నా జోలికి వచ్చేవారు కాదు. ఆ జాలి పుణ్యమా అని నాకు రాసుకోవడానికి రోజుకి రెండు గంటలు దొరికేవి. తలుపు వెనక నేను మద్రాసు గురించి కథలు రాస్తుండేదాన్ని. మద్రాసు నేను చూడలేదు. పత్రికల్లో వచ్చే కథలన్నీ అక్కడే జరిగేవి కాబట్టి నావీ అక్కడే జరగాలనుకున్నాను.

మొదటి కథలో ఒక డాక్టరు ఉన్నాడు. అతనికి కారుంది, మేడ మీద పియానో ఉంది. పియానో ఎలా ఉంటుందో తెలియక దాన్ని కిటికీ పక్కన పెట్టి ఊరుకున్నాను. కథ పద్నాలుగు పేజీలు వచ్చింది. బుక్ పోస్టులో పంపితే తక్కువ తపాలా బిళ్లలు చాలు. షరతేమిటంటే కవరు అతికించకూడదు, లోపల ఉత్తరం పెట్టకూడదు. పత్రికవాళ్లకి నచ్చకపోతే తిప్పి పంపడానికి మన అడ్రసు రాసి బిళ్లలంటించిన మరో కవరు లోపల పెట్టాలి. అన్నీ పద్ధతిగా చేసి, బడికి వెళ్తూ పోస్టాఫీసులో ఇచ్చాను.

పోస్టాఫీసంటే ఒక కొబ్బరితోట రైతు ఇంటి అరుగు. పోస్టుమాస్టరు ఆ రైతే. అరవై దాటిన మనిషి, ఎనిమిదో క్లాసు దాకా చదువుకున్నాడు. అరుగు మీద ఒక చెక్కపెట్టె, ఒక ముద్ర, గోడకి ఎర్ర డబ్బా. రోజూ పదకొండు ప్రాంతాల పలాస నుంచి టపా మనిషి సంచితో నడిచి వచ్చేవాడు. కాసేపు కూర్చుని, ఈ ఊరి సంచి తీసుకుని వెళ్లిపోయేవాడు.

అయిదు వారాల తర్వాత కథ తిరిగొచ్చింది. సాయంత్రం బడి వదిలే వేళకి పోస్టుమాస్టరే స్వయంగా తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి వెళ్లిపోకుండా కాసేపు నిలబడ్డాడు.

"ఆ డాకటేరుబాబు మరీ ఏడుపుగొట్టోడండి పంతులమ్మగారూ" అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది.

"నా కవరు మీరు విప్పారా?"

"ఇప్పడమేటమ్మా, అది ఇప్పే ఉంటాది గదా. బుక్ పోస్టు."

"విప్పి ఉంటే మాత్రం చదివేస్తారా?"

"సదవాలండి. రూలు. తక్కువ బిళ్లలంటించి లోపల ఉత్తరాలెట్టీసేవోళ్లుంటారు. సూడకపోతే నా మీదకొత్తాది."

"అది ఉత్తరం కాదని మొదటి పేజీలోనే తెలుస్తుంది కదా!"

"ఎలాగ తెలుత్తాదండి? ప్రియమైన అని మొదలెట్టారు మీరు. ఉత్తరమో కతో ఆకరిదాకా సదివితే గాని తెల్దు."

నిజమే, ఆ కథ నాయిక రాసిన ఉత్తరంతో మొదలవుతుంది.

"చివరికైనా తెలిసిందా?" అన్నాను వెటకారంగా.

ఆయన వెటకారం పట్టించుకోలేదు. తల గోక్కుంటూ ఆలోచించి, "ఆకరికీ సరిగ్గా తెల్నేదమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పి ఏడ్చాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, "పోనీలేవే, ఎవరో ఒకరు చదివారు కదా" అంది. పలాస పోస్టాఫీసుకి ఫిర్యాదు రాయాలని కూర్చున్నాను. రెండు పేజీలు మంచి ఆవేశంతో వచ్చాయి. తీరా చూస్తే కవరు ఆయన దగ్గరే కొనాలి, ఆయన చేతికే ఇవ్వాలి, ఆయనే ముద్ర కొట్టాలి. మర్నాడు కవరు కొంటుంటే "ఎవులికమ్మా?" అని ఆదరంగా అడిగాడు. "మా చెల్లికి" అన్నాను. ఆ కవర్లో నిజంగానే మా చెల్లికి ఉత్తరం రాసి పంపాను. ఆరు నెలలుగా ఉత్తరం లేదని బాధపడుతున్న పిల్ల చాలా సంతోషించింది.

రెండో కథ పంపేముందు ఆలోచించాను. కవరు అతికించి మామూలు రేటుకి పంపవచ్చు. అలా పంపలేదు. పిసినారితనమని అప్పట్లో అనుకున్నాను.

ఈసారి కథని మద్రాసు నుంచి తెచ్చి మా వైపే పెట్టాను. ఒక పిల్లకి ఇష్టంలేని పెళ్లి కుదురుస్తారు. ఆషాఢమాసపు ఒక సాయంత్రం ఆ పిల్ల జీడిపూల వాసనల మధ్య నడుచుకుంటూ సముద్రం వైపు వెళ్తుంది. ఇదీ ముగింపు. కథ నెలన్నరకి తిరిగొచ్చింది. కవరు మీద ముద్ర చూస్తే ఒకరోజు ఆలస్యంగా నా చేతికందింది. ఆలస్యం ఎందుకైందో ఆదివారం పోస్టుకార్డు కొనడానికి వెళ్లినప్పుడు తెలిసింది.

పోస్టుమాస్టరు భార్య అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల ఈనెలు గీస్తోంది. ఆవిడకి కళ్లు సరిగా కనబడవు. కత్తి ఎక్కడ తగులుతోందో వేళ్లతోనే తెలుసుకునేది. నా గొంతు వినగానే పిలిచింది.

"పంతులమ్మవేనా? ఇలా కూకో తల్లీ. ఆషాడంలో జీడిపూత ఎక్కడ సూసినావు?"

"ఏమిటి పెద్దమ్మా?"

"మొన్న ఈయన సదివినాడు గదా. ఆ పిల్ల ఎల్తంటే జీడిపూలు వాసనేసినాయని. ఆషాడం నాటికి పూత లేదు, పిక్క లేదు. పిక్కలేరడం కూడా అయిపోద్ది."

"కథ కదా పెద్దమ్మా" అన్నాను.

"కతైతే మాత్రం సెట్టుకి తెల్దేటి?"

ఆ ఊరొచ్చి ఏడాదిన్నర అయింది. బడికి వెళ్లే దారి పొడుగునా జీడిచెట్లే. అవి ఎప్పుడు పూస్తాయో నేను చూడలేదు. ఆ ఏడు మాఘంలో రోజూ ఆగి చూశాను. లేత ఎరుపు గీతలున్న చిన్న పూలు. వాసన నేను రాసినంత మత్తుగా ఏమీ లేదు. కొంచెం తీపి, కొంచెం ఘాటు. నా కథలో పిల్ల ఆ వాసనకి మైమరచిపోయింది. అసలు వాసనకి తుమ్ము వస్తుంది.

తర్వాత తర్వాత వాళ్ల ఏర్పాటంతా నాకు తెలిసింది. నేను కథ ఇచ్చిన రోజు టపా మనిషి వచ్చేలోగా ఆయన మొదటి రెండు మూడు పేజీలు భార్యకి చదివి వినిపించేవాడు. టపా మనిషి వచ్చాక అతనికి చల్ల ఇచ్చి కూర్చోబెట్టి ఇంకో పేజీ చదివేవాడు. అతను కూడా వినేవాడు. ఆపైన కథ మద్రాసు వెళ్లిపోయేది. మిగతా కథ కోసం ముగ్గురూ అది తిరిగొచ్చేదాకా ఎదురుచూసేవారు. తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం అరుగు మీద ఆఖరిదాకా చదువుకుని, మర్నాడు నాకు ఇచ్చేవారు. అలా ఆ ఊళ్లో నా కథలు వాయిదాల పద్ధతిలో నడిచేవి. వాయిదాకీ వాయిదాకీ మధ్య మద్రాసు ప్రయాణం ఉండేది.

పత్రికవాళ్లు కథతో పాటు ఒక అచ్చుచీటీ పెట్టేవారు. మీ రచన ప్రచురణకు వీలుపడనందుకు విచారిస్తున్నాము అని. పోస్టుమాస్టరు దాన్నీ వదిలేవాడు కాదు, ముందు అదే చదివేవాడు. కథకి అది ఆరంభమని కొన్నాళ్లు అనుకున్నట్టున్నారు.

"పాపం, ఎప్పుడు సూసినా ఇచారమేనా ఆళ్లకి?" అంది ఆవిడ ఒకసారి. "ఏటి కట్టమో."

నాలుగో కథో అయిదో కథో వెళ్లేనాటికి నాకు విసుగొచ్చింది. వానాకాలం, బడిలో పైకప్పు కారుతోంది, అమ్మకి జ్వరం. ఈసారి తిరుగు కవరు పెట్టలేదు. వాళ్లకి అక్కర్లేకపోతే చించి పారేసుకోనీ, ఆ చీటీ ఒకటి నా కంటపడకుండా ఉంటుంది అనుకున్నాను. ఆరు వారాల తర్వాత ఆ కథ శుభ్రంగా తిరిగొచ్చింది.

నా ఆనందం చెప్పలేను. కవరు లేకపోయినా, బిళ్లలు లేకపోయినా, తమ ఖర్చుతో తిప్పి పంపారంటే ఆ సంపాదకుడికి నా కథలో ఏదో కనబడి ఉండాలి. రెండు రోజులు ఆ సంపాదకుడి మంచి మనసు గురించి అమ్మకి చెప్పాను. మూడో రోజు కవరు మీద అడ్రసు కేసి పరిశీలనగా చూశాను. మా ఊరి పేరులో దీర్ఘం పెట్టాల్సిన చోట పెట్టకుండా రాసే అలవాటు ఈ ప్రపంచంలో ఒక్కరికే ఉంది.

"బిళ్లలు మీరంటించారా?" అని అడిగాను.

పోస్టుమాస్టరు మొహమాటపడ్డాడు. "మీరు మర్సిపోనారనుకున్నానండి. తిరిగి రాకపోతే మరి మాకెలాగ? కతలో ఆ ముసలాయన ఏటైనాడో తెల్దు గదా."

"తిరిగొస్తుందని మీకంత నమ్మకమా?"

"రానిదెప్పుడండి?" అన్నాడాయన.

అంతటి అవమానం, అంతటి గౌరవం ఒకే మాటలో నాకు మళ్లీ ఎప్పుడూ జరగలేదు. బిళ్లల డబ్బు తీసుకోమంటే తీసుకోలేదు. ఆ రోజు నుంచి తిరుగు కవరు మర్చిపోకుండా పెట్టాను.

నాలుగో ఏడు రంగం కథ రాశాను. రంగూన్‌ని మా వైపు రంగం అంటారు. ఉద్దానంలో ఆ రోజుల్లో ఏ ఇంటికెళ్లినా రంగం వెళ్లిన మనిషి ఒకడుండేవాడు. యుద్ధం వచ్చాక కొందరు కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు, చాలామంది రాలేదు. నా కథలో ఒకావిడ మొగుడు అలా రాకుండా ఉండిపోతాడు. ఆవిడ పదేళ్లు ఒంటరిగా కొబ్బరిమొక్కలకి నీళ్లు మోసి తోట పెంచుతుంది. ఒకనాడు గుమ్మం ముందు ఎడ్లబండి ఆగుతుంది. దిగిన మనిషి మొగుడు కాదు, కబురు తెచ్చినవాడు. మొగుడు బతికే ఉన్నాడు, అక్కడ మరో పెళ్లి చేసుకున్నాడు, పిల్లలున్నారు, ఇక రాడు. అప్పుడావిడ ఒక పెద్ద మాట అంటుంది. పసుపు కుంకుమలు నాకు ఒకడు ఇస్తే వచ్చినవి కావు, ఒకడు రాకపోతే పోయేవి కావు అని. ఆ వాక్యం రాసి రెండుసార్లు పైకి చదువుకున్నాను. ఇంతకంటే గొప్ప వాక్యం తెలుగులో లేదనిపించింది.

కథ ఆరు పేజీలే అయినా, పోస్టులో ఇచ్చిన రోజు టపా మనిషి తొందరలో ఉన్నాడు. పోస్టుమాస్టరు చదువు బండి ఆగడం దగ్గర ఆగిపోయింది.

నెలన్నర గడిచింది, కథ రాలేదు. రెండు నెలలైంది. పోస్టుమాస్టరు భార్య నాకు కబురు పెట్టింది. బండి ఆగింది సరే, దిగిందెవులు? నేను చెప్పనన్నాను. తిరిగొచ్చాక వినండి అన్నాను. ఎందుకో అదే మర్యాదనిపించింది. మూడో నెలలో కథ బదులు పత్రిక వచ్చింది. కథ అచ్చయింది.

అక్కడే నిలబడి పత్రిక విప్పాను. పేరుకి ముందు శ్రీ అని వేసి నన్ను మగవాణ్ణి చేశారు. ఇంటిపేరులో ఒక అక్షరం మార్చారు. అవి పెద్ద విషయాలు కావు. ముగింపు మార్చేశారు. ఆఖరి రెండు పేజీలు తీసేసి ఎనిమిది వాక్యాలు కొత్తవి పెట్టారు. మొగుడు పలాస స్టేషన్లో రైలు దిగుతాడు, ఆవిడ పరుగున వెళ్లి కాళ్ల మీద పడుతుంది, ఆనందబాష్పాలు. కింద మిగిలిన జాగాలో తలనూనె ప్రకటన.

ఆ వారమంతా అభినందనలు. టెక్కలి నుంచి నాన్న ఉత్తరం రాశాడు, నలుగురికీ చూపించానని, ముగింపు కంటతడి పెట్టించిందని. బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు కూడా చదివాడట. "ఆ రైలు దిగే ఘట్టం ఉంది చూశారూ, అది రచయిత్రి చెయ్యి" అన్నాడు. కథంతా నాది. అందరూ మెచ్చుకున్నది నాది కాని ఆ ఎనిమిది వాక్యాలనే. నేను నమస్కారం పెట్టి ఊరుకున్నాను. ఎన్నాళ్లకో దొరికిన మెప్పు, అది నాది కాదని ఎలా తిప్పి పంపను?

అరుగు మీద మాత్రం నాకు అభినందనలు దొరకలేదు. పోస్టుమాస్టరు పత్రిక చదివి వినిపించాడు. ఆవిడ మొదటినుంచి చివరిదాకా విని, మళ్లీ చదవమంది. రెండోసారి విని నన్ను పిలిపించింది.

"ఇది నీ కత కాదు తల్లీ" అంది.

"నాదే పెద్దమ్మా."

"నీదైతే బండేది? మొగుడు రైలు దిగినాడంట. మరి బండిలో వచ్చినోడెవుడు? ఆడిని గుమ్మం ముందర అలాగే ఒగ్గీసినారు. ఎడ్లకి నీళ్లయినా ఎట్టినారో లేదో."

ఆ సంపాదకుడు ముగింపు మార్చాడు గానీ బండిని తీసెయ్యడం మర్చిపోయాడు. ఆ వారం ఆ పత్రికని ఎన్ని వేలమంది చదివారో నాకు తెలీదు. బండి సంగతి అడిగింది కళ్లు కనబడని ఈవిడొక్కతే.

"అసలుది సదువు" అంది.

నా దగ్గర అసలుది లేదు. చిత్తు కాగితాలు అమ్మ పొయ్యి రాజెయ్యడానికి వాడేసింది. రాసి పంపింది మద్రాసులో ఉండిపోయింది. అచ్చైన కథని తిప్పి పంపరు. చదవడానికి కాగితం లేదని చెప్పాను.

"నోటితో సెప్పు. నోరున్నాది గదా."

ఆదివారం పొద్దున్న, పది గంటలవుతుందేమో. పోస్టుమాస్టరు పెట్టె మూసేసి వచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. తోట చెప్పాను, నీళ్లు మోయడం చెప్పాను, బండి ఆగడం చెప్పాను. మనిషి దిగి అరుగు మీద కూర్చుని కబురు చెప్పాడు. ఆవిడ ఈనె గీస్తున్న చెయ్యి ఆపింది.

"అప్పుడావిడేటన్నాది?"

నా గొప్ప వాక్యం నాలుక మీదే ఉంది. పసుపు కుంకుమలు దగ్గర మొదలవ్వాలి. పెద్దమ్మ మొహం కేసి చూశాను. ఆ మొహం ముందు ఆ మాట బయటికి రాలేదు. ఎవరంటారు అలాగ? పదేళ్లు నీళ్లు మోసిన మనిషి, ఎండలో బండి దిగినవాడు తల దించుకుని కూర్చుంటే, వాడితో ఏమంటుంది?

"దూరం నుంచి వచ్చావు బాబూ, అన్నం తిన్నావా అంది" అన్నాను.

నేను రాయని మాట అది. ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలీదు.

పోస్టుమాస్టరు లేచి లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత ఆవిడే అంది:

"మా తమ్ముడు రంగం నుండి నడిసొత్తా దారిలో ఉండిపోనాడు. కబురు తెచ్చినోడిది సోంపేట అవతల. మా తమ్ముడితో కలిసి నడిసినాడంట. కాళ్లు పుళ్లు. అబద్దమాడతన్నావురా, పోరా అని సీపురట్టుకుని తరిమినాను. ఆడు ఏటీ అననేదు, ఎల్లిపోనాడు. అన్నం ఎట్టాల్సినాది." కత్తి మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అలాగే రాసీ తల్లీ. ఆ మాటే రాసీ."

ఇంటికొచ్చి కాగితాలు తీశాక నాకు తట్టింది, ఈ కథకి ఇక పత్రిక లేదని. ఒకసారి అచ్చైనదాన్ని ఎవరూ మళ్లీ వెయ్యరు. మెచ్చుకోవలసినవాళ్లు అప్పుడే మెచ్చేసుకున్నారు. పైగా మొగుడు రైలు దిగాడని అందరికీ నమ్మకం కుదిరింది. పంపడానికి చోటు లేని కథ రాయడానికి నేను కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చుని రాశాను. మూడు ఆదివారాలు పట్టింది. ముందు కథ నాలుగు సాయంత్రాల్లో అయిపోయింది. ఈసారి, ఆవిడ లోపలికి వెళ్లి అన్నం వడ్డించేటప్పుడు చేతులు ఎలా ఉంటాయి, ఆ మనిషి ముద్ద నోట్లో పెట్టుకునేముందు ఎటు చూస్తాడు అని ఒక్కొక్కటీ ఆలోచిస్తూ కూర్చున్నాను. ఏ సంపాదకుడికి నచ్చుతుందో అన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. వచ్చినా ఉపయోగం లేదు కాబట్టి రాలేదేమో. ఏమైనా ఆ మూడు ఆదివారాలంత సుఖంగా నేను ఎప్పుడూ లేను. అమ్మ రెండుసార్లు వచ్చి నుదురు మీద చెయ్యి వేసి చూసింది.

కథ పట్టుకుని వెళ్తే ఆవిడ లేదు. కంచిలి వైపు కూతురింటికి వెళ్లింది. అక్కడెవరో కళ్లకి మందు వేస్తారట, రెండు నెలలుంటుందట.

"మీరు చదవండి" అని పోస్టుమాస్టరుకి ఇవ్వబోయాను. ఆయన కాగితాల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముద్ర లేదు, బిళ్ల లేదు.

"నానొక్కణ్ణీ సదూకుంటే ఏటి బాగుంటాదమ్మా? అది రానీండి."

అది వచ్చేలోగా నాకు టెక్కలి బదిలీ వచ్చింది. నాన్న ఎవరి చుట్టూనో తిరిగి వేయించాడు. వెళ్లేరోజు కాగితాలు ఆయనకిచ్చి వెళ్దామనుకున్నాను. రెండుచోట్ల మాట కుదర్లేదనిపించింది. సరిచేసి పంపుతానని చెప్పి ఇవ్వలేదు. ఆ రెండు మాటలు సరిపడడానికి ఏడు నెలలు పట్టింది. ఈలోగా పని మీద పలాస వెళ్తే బజార్లో టపా మనిషి ఎదురయ్యాడు. పోస్టుమాస్టరుగారి భార్య కార్తీకంలో పోయిందని చెప్పాడు. అతన్ని హోటల్లో కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టమని చెప్పి నేను బయట నిలబడ్డాను. మా ఇళ్లలో ఆడవాళ్లు హోటల్లో కాలుపెట్టే రోజులు కావవి.

ఆవిడ ఆ కథ వినలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అంతమాత్రాన కథ తక్కువైపోయిందని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. వినవలసిన మనిషి వినకుండా పోయినా, అందులో ఆ కబురు తెచ్చినవాడు అన్నం తిన్నాడు.

టెక్కలిలో అసలైన పోస్టాఫీసు ఉంది. కటకటాలు, వాటి వెనక గుమాస్తా. నేను బుక్ పోస్టు ఇస్తే తూకం వేసి, ముద్ర కొట్టి, పక్కకి పడేసేవాడు. తిరిగొచ్చినవి నలగకుండా, వేలిముద్ర లేకుండా, పెట్టిన మడత పెట్టినట్టే వచ్చేవి. ఎంత నిజాయితీగల ఆఫీసో అనుకున్నాను. ఏడాదికి రెండో మూడో పంపేదాన్ని, తర్వాత అదీ తగ్గింది. రాయడం మాత్రం తగ్గలేదు. బడిలో మధ్యాహ్నం గంట ఖాళీలో రాసుకుంటుంటే తోటి టీచరు ఒకావిడ అడిగేది, "ఏ పత్రిక్కండీ?" అని. "దేనికీ కాదండి" అంటే, మొగుడు పోయినప్పుడు అందరూ చూసినట్టే చూసి జాలిగా పక్కకి తప్పుకునేది. ఆ జాలి నాకు పాత చుట్టం, మంచిదే.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఏడాది నేను ఉప్పు పండించే కొటార్లలో పనిచేసే ఒకావిడ గురించి రాస్తున్నాను. మడిలోంచి ఉప్పు లాగేటప్పుడు ఆవిడ ముందుకి నడుస్తుందా, వెనక్కి నడుస్తుందా అన్నది తేలక కథ పదిహేను రోజులు ఆగిపోయింది. ఎవరినడిగినా ఏదైతేనేం అన్నారు. ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి నౌపడ వెళ్లాను. ఎండ ఇంకా ముదరలేదు. గట్టు మీద నిలబడి చూస్తుంటే మడిలో ఉన్న మనిషి కర్రకి బిగించిన పలకని ఆపింది.

"ఏటమ్మా, ఉప్పు గావాలా?"

"వద్దు. ఎలా లాగుతారో చూద్దామని వచ్చాను."

"సూసి ఏటి సేత్తావు?"

"ఇంటికెళ్లి రాసుకుంటాను."

"రాసి ఎవులికిత్తావు?"

"ఎవరికీ ఇవ్వను."

ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని పక్క మడిలో మనిషిని కేకేసింది. "ఒలేయ్, ఇలా సూడే! ఉప్పు లాగడం రాసుకుంటాదంట, ఎవులికీ ఇవ్వదంట!" ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఆవిడ పలక మీద చెయ్యేసి, "అలాగైతే సరిగ్గా సూడు" అని, నాకు కనబడేలా పక్కకి జరిగి, నెమ్మదిగా వెనక్కి నడుస్తూ లాగింది.